తెలుగున ఆరంభార్థక పదములు: గుఢియారీ పరిసరమున నొక పరిశీలనము

1. విషయము, పరిధి

ఆరంభమను భావమును తెలుపు పదములు ఒక భాషలో ఎన్ని కలవో లెక్కించుట కష్టము కాదు. ఆ పదములలో ఒక్కొక్కటి ఆరంభమును ఏ రూపమున భావించుచున్నదో తెలిసికొనుటయే కష్టము. మొదలు, తొలి, ఆది, ఆరంభము, ఉపక్రమము, నాంది, శ్రీకారము, అంకురార్పణము, పునాది, బోణీ మున్నగు పదములు తెలుగున నిత్యవ్యవహారమున నున్నవి. నిఘంటువులు తఱచుగా వీనిలో నొకదానికి మఱియొకదానిని పర్యాయముగా నిచ్చి ఊరకుండును. కాని 'చెట్టు మొదలు' అనవచ్చును గాని 'చెట్టు ఆరంభము' అనరాదు. 'తొలిపొద్దు' అన్నచో ఉదయము. 'మొదటి పొద్దు' అన్నచో లెక్కకు వచ్చిన ఒక దినము. అంగడిలో జరుగునది బోణీయే గాని నాంది కాదు. పర్యాయములని తలచిన పదములు ఒకదాని చోట నొకటి నిలువలేకున్నప్పుడు వాని నడుమ అర్థభేదము ఉండి తీరవలెను. ఆ భేదమును నిరూపించుట, అన్యభాషాసంపర్కమున అందేది నిలుచునో ఏది సడలునో గుర్తించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పరిశీలనకు రాయపూరు నగరములోని గుఢియారీని ఆధారము చేసికొనుటకు కారణము కలదు. ఇది రాయపూరు రైలుస్టేషనుకు చేరువనున్న పేట, టోకువర్తకమునకు పేరుపడినది. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడినది. ఈ రెండు కార్యములతో ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ మైదానమునకును నడుమ రాకపోకలు బలపడినవి. రైలుపనులకై కొందఱు, వర్తకమునకై కొందఱు, 1959లో ఉత్పత్తికి వచ్చిన భిలాయి ఉక్కు కర్మాగారములోని పనులకై మఱికొందఱు తెలుగువారు వచ్చి ఈ ప్రాంతమున తరములుగా నివసించుచున్నారు. ఇట్టి చోట తెలుగు మాటకు ప్రక్కనే హిందీమాటయు, ఛత్తీస్‌గఢీ మాటయు నిలిచి యుండును. ఇరుగుపొరుగు భాషల పదములతో ఒరసి చూచినప్పుడు స్వభాషాపదము యొక్క అంచులు స్పష్టముగా కనబడును.

2. మొదలు

తెలుగు 'మొదలు', కన్నడ 'మొదల్', తమిళ 'ముదల్', మలయాళ 'ముతల్' ఒకే ద్రావిడ ధాతువునకు చెందినవి. తెలుగున దీని స్థూలార్థము చెట్టునకు నేలతో సంబంధించిన భాగము, అనగా బోదె అడుగు. 'మొదలంట నఱకుట' అను పలుకుబడిలో ఈ అర్థము నేటికిని నిలిచి యున్నది. దీనికి ఎదురుపదములు 'కొన', 'తుద'. చెట్టున మొదలు క్రిందను, కొన పైనను ఉండును. కావున 'మొదలు–తుద' అను జంట కాలమున ముందువెనుకలను చెప్పుటకు పూర్వము దేహమున అడుగును అగ్రమును చెప్పిన జంట యని ఊహించుట సమంజసము.

ఈ స్థూలార్థము వలన ఒక ముఖ్యలక్షణము సిద్ధించుచున్నది. ఆరంభము జరిగి గడచిపోవును. మొదలు గడచిపోదు, కొమ్మలు సాగిన పిదపను క్రింద నిలిచియే యుండును. 'మొదలుకొని' అను ప్రయోగమును చూడుడు. 'పాడ్యమి మొదలుకొని పున్నమి వఱకు' అన్నప్పుడు పాడ్యమి ఆ లెక్కలో చేరియే యున్నది. 'ధర్మరాజు మొదలగువారు' అన్నప్పుడు ధర్మరాజు ఆ గుంపునకు వెలుపలివాడు కాడు. ఆ గుంపును నిలుపు పేరు అతనిది. సంస్కృతమున 'ఆది' శబ్దమునకును ఈ శక్తి కలదు. తమిళ వ్యాకరణమున పండ్రెండు అచ్చులు, పదునెనిమిది హల్లులు కలిపి ముప్పది అక్షరములకు 'ముదలెழுత్తు' అని వ్యవహారము; తెలుగు లిపిలో దీనిని 'ముదలెళుత్తు' అని వ్రాయవచ్చును. ఇక్కడ ముదల్ అనగా వరుసలో ముందు వచ్చినది కాదు, తక్కిన వానికి ఆధారమైనది.

ధనవిషయమున ఈ పదము నడచిన త్రోవ మఱింత విశదమైనది. తమిళమున ముదల్ అనగా పెట్టుబడి. మలయాళమున ముతల్ అనగా ఆస్తి, దాని గలవాడు ముతలాళి. తెలుగున అప్పులెక్కలో వడ్డీకి ఎదురుగా నిలుచు పదము నేడు 'అసలు'. ఇది అరబ్బీ 'అస్ల్' శబ్దము నుండి వచ్చినది. ఆ భాషలోను దానికి వేరు, మూలము అనియే అర్థము. శాస్త్రపరిభాషలో 'మూలధనము' అందురు, మూలమనగా వేరే. ద్రావిడ, అరబ్బీ, సంస్కృత పదములు మూడును వేరు దారుల వచ్చి, ధనమున పెరుగునది కొమ్మ, పెరుగుటకు ఆధారమైనది వేరు అను ఒకే భావనను చేరినవి. 'మొదటికే మోసము వచ్చినది' అను తెలుగు పలుకుబడి ఈ భావన నుండియే బలము పొందుచున్నది. ఫలము పోయిన చెట్టు మరల కాయును. మొదలు పోయిన చెట్టునకు ఆ ఆశ లేదు.

3. తొలి, తొల్లి, మును, ముందు

'తొలి' శబ్దము మొదలువలె అడుగున నిలుచునది కాదు. ఇది వరుసలో ముందుగా వచ్చు దానిని తెలుపును. తొలకరి, తొలిపొద్దు, తొలికోడి, తొలిచూలు, తొలిఏకాదశి అను సమాసములలో దీని వెనుక మఱికొన్ని రాగలవను నిరీక్ష యున్నది. తొలకరి చినుకు తరువాత వానలు రావలెను. తొలిచూలు అను మాటలోనే మలిచూలునకు తావున్నది. తొలికి జతపదము 'మలి'. మొదటికి జతపదము తుద. జతపదముల భేదమే అర్థభేదమునకు సాక్ష్యము.

ఆశ్చర్యమైన విషయ మొకటి. ఈ 'తొలి'కి సోదరమైన 'తొల్లి' శబ్దమునకు 'పూర్వకాలమున' అని అర్థము. తమిళమున 'తొల్' అనగా ప్రాచీనమైనది. తొల్కాప్పియమను వ్యాకరణగ్రంథనామమున ఆ శబ్దము కలదు. ఒకే ధాతువు ఒక రూపమున క్రొత్తగా వచ్చుచున్న దానిని, వేఱొక రూపమున ఎప్పుడో గడచిన దానిని తెలుపుచున్నది. ఇందు వైరుధ్యము లేదు. వరుసలో ముందున్నది, వరుస పుట్టుచుండగా చూచిన క్రొత్తది. వరుస పెరిగిన పిదప వెనుదిరిగి చూచిన ప్రాతది. హిందీ 'పహలా', 'పహలే' శబ్దములును, ఛత్తీస్‌గఢీ 'పహిలీ' శబ్దమును ఈ రీతినే ప్రథమార్థమును పూర్వార్థమును వహించుచున్నవి. కాని అక్కడ రెండర్థములకును ఇంచుమించు ఒకే రూపము. తెలుగు ద్విత్వముతో రెండు వేరు పదములను ఏర్పఱచుకొన్నది.

'మున్' అను ధాతువు ఇంకను చిక్కైనది. మును, మున్ను, మునుపు అన్నవి గడచిన కాలమును చెప్పును. ముందు, ముందఱ అన్నవి ఎదుటి స్థలమును చెప్పును. ఇంటి యెదుటి చోటు ముంగిలి. కోతలయందు, కలుపుతీతయందు కూలీలు వరుసగా నిలిచి ముందునకు సాగు పట్టె 'మునుము'. అదియు ఈ ధాతుకుటుంబమునకు చెందినదిగానే కనబడుచున్నది. చిక్కు 'ముందు' శబ్దమున కలదు. 'వాడు నాకంటె ముందు వచ్చినాడు' అన్నప్పుడు ముందు గతము. 'ముందు ముందు తెలియగలదు' అన్నప్పుడు ముందు భవిష్యత్తు. కన్నడము ఈ రెంటిని 'ముంచె', 'ముందె' అని రూపభేదముతో వేఱుచేసికొన్నది. తెలుగు సందర్భమునకు విడిచినది. నడచువాడు త్రోవను చూచినచో రావలసినది ముందు. వరుసలో నిలిచిన వారిని చూచినచో దాటిపోయినవాడు ముందు. కాలము తానుగా ఒక దిక్కునకు ముఖము పెట్టి యుండదు. వక్త నిలిచిన తీరును బట్టి దానికి ముఖ మేర్పడును.

4. క్రియాపదములు: పట్టుట, పూనుట, సాగుట

పై పదములు నామములు. ఆరంభించు పనిని తెలుపు క్రియలలో మఱియొక విశేషము కలదు. వీనిలో పెక్కింటికి మూలార్థము చేతితో గాని మెడతో గాని దేహముతో గాని ఒక వస్తువును చేకొనుట.

సంస్కృత 'ఆరంభ' శబ్దము ఆఙ్‌పూర్వకమైన రభధాతువు నుండి పుట్టినది. పట్టుకొనుట దాని మూలార్థము. ఉపక్రమము, ప్రక్రమము అన్నవి క్రమధాతుజములు. అడుగు వేయుట వాని యర్థము. తెలుగు 'పూను' క్రియకు ధరించుట, కాడికి కట్టబడుట అను అర్థములు కలవు. ఎద్దులను కాడికి కట్టుట పూన్చుట. తమిళ 'పూణ్' శబ్దమునకు నివియే యర్థములు. కావున 'పనికి పూనుకొనుట' అనగా పనికాడిని మెడను వేసికొనుట. ఆరంభించినవాడు పట్టినాడు, పూనుకొన్నవాడు కట్టుబడినాడు. 'ఆరంభశూరత్వము' అను నిందావాచకము తెలుగువారి విషయమున తఱచుగా వినబడును. 'పూనికశూరత్వము' అను మాట భాషలో లేదు. పట్టిన దానిని విడువవచ్చును. కాడి వేసికొన్న పిదప విడుచుట తేలిక కాదు. ఈ రెండు క్రియల భేదమును భాష తనంత తానే ఇట్లు కాపాడుకొన్నది.

కావ్యభాషలో తుమున్నర్థకముపై 'తొడఁగు' క్రియను చేర్చుట ఆరంభమును తెలుపు ప్రసిద్ధమార్గము: పలుకఁదొడఁగెను, వినఁదొడఁగెను. తమిళమున దీనికి సమానమైన 'తొడంగు' క్రియకు ప్రక్కనే 'తొడర్' క్రియ కలదు. మొదటిది ఆరంభించుట, రెండవది వెంబడించి కొనసాగుట. తెలుగున ఈ కొనసాగింపు భావము 'సాగు' సహాయక్రియ వలన వచ్చును. 'చెప్పసాగెను' అన్నచో చెప్పుట కలిగిన దనియే గాక అది నిడివిగా నడచుచున్న దనియు తెలియును. అందుచేత 'తలుపు వేయ మొదలుపెట్టెను' అనుట పొసగును గాని, క్షణమున ముగియు పనికి 'సాగు' క్రియ పొసగదు. 'దీపము ఆఱిపోసాగెను' అన్నచో దీపము మెల్లమెల్లగా సన్నగిల్లుచున్న దనియే అర్థము చేసికొందుము.

ఈ క్రియల నడుమకు ఉర్దూ, హిందీల మూలమున వచ్చిన పదము 'షురూ'. ఇది అరబ్బీ 'షురూఅ'. ప్రవేశించుట దాని యర్థము. వీథిని తెలుపు 'షారిఅ' శబ్దము అదే ధాతువు నుండి పుట్టినది. తెలంగాణమున ఈ పదము చిరకాలముగా వ్యవహారమున నున్నది. రాయపూరు తెలుగువారికి ఇది వేఱొక దారిన, అనగా చుట్టునున్న హిందీ నుండి, వినబడుచున్నది. ఒకే పదము ఒకే భాషలోనికి రెండు ద్వారముల వచ్చుటకు ఇది యుదాహరణము. దానికి తోడు 'చాలూ'. హిందీలో చాలూ అనగా నడచుచున్నది. 'చాలూ కర్‌నా' అనగా నడిపింప మొదలిడుట. తెలుగున 'చాలు' అనగా ఇక వలదు. గుఢియారీ వంటి చోట ఒకే ధ్వని ఒక చెవికి కదలు మనియు, మఱియొక చెవికి ఆగు మనియు వినబడుట సంభవము. తెలంగాణ వ్యవహారమున 'చాలు చేసిండు' అను ప్రయోగము కూడ కలదు. అక్కడ సందర్భము, వెనువచ్చు 'చేయు' క్రియ ఈ సందేహమును తీర్చుచున్నవి. నాగలి గీసిన గీతకును తెలుగున చాలు అనియే పేరు. మూడు చాలులును వేరు పదములు. ధ్వనిసామ్యమును బట్టి వీనిని కలుపరాదు.

5. వ్రాతతో నారంభము: శ్రీకారము, ఓనమాలు

ఆరంభార్థక పదములలో ఒక వర్గము అక్షరముల నుండి పుట్టినది. తెలుగున 'శ్రీకారము చుట్టుట', హిందీలో 'శ్రీగణేశ్ కర్‌నా', తమిళమున 'పిళ్ళైయార్ శుళి' వేయుట: మూడింటికిని అర్థ మొక్కటే, పని మొదలుపెట్టుట. మూడును వ్రాయు తాటాకు పైనో కాగితము పైనో మొట్టమొదట వేయు గుర్తు నుండి వచ్చినవి. హిందీపలుకుబడిలో వినాయకుని నామము, తమిళమున ఆయన పేరిటి సుడి, తెలుగున శ్రీ యను అక్షరము ప్రధానములు. తెలుగు 'చుట్టు' క్రియ ఆ అక్షరమును వ్రాయు చేతికదలికను చూపుచున్నది. తమిళ 'శుళి' ఆ కదలిక మిగిల్చిన ఆకృతిని చూపుచున్నది. నన్నయ మహాభారతమునకు చెప్పిన మంగళశ్లోకము సంస్కృతమున నుండి శ్రీ శబ్దముతోనే ఆరంభమగుచున్నది. ప్రాచీనశాసనములు స్వస్తిశబ్దముతో గాని సిద్ధంశబ్దముతో గాని మొదలగుట సాధారణము. కర్ణాటక సంగీతమున విద్యార్థికి ముందుగా నేర్పు గీతములకు 'పిళ్ళారి గీతములు' అని పేరు. పిళ్ళారి యనగా వినాయకుడే.

ఇంతకంటె ఆసక్తికరమైనది 'ఓనమాలు'. బాలునిచే దిద్దించు 'ఓం నమః శివాయ' అను మంత్రము యొక్క తొలిభాగము కరగి ఓనమాలు అను బహువచనరూప మేర్పడినది. మంత్రము అక్షరమాలకు పేరైనది. పిదప ఏ విద్యకైనను ప్రథమపాఠమునకు పేరైనది. 'వానికి వంటలో ఓనమాలు రావు' అన్నప్పుడు శివుడును లేడు, అక్షరములును లేవు. ప్రాథమికజ్ఞానము మాత్ర మున్నది. హిందీప్రాంతమున ఇట్టిదే 'ఓనామాసీ' యను పదము కలదు. అది 'ఓం నమః సిద్ధమ్' అను వాక్యము నుండి వచ్చినది. రెండును ఒకే విధానమునకు చెందిన మాటలు: గురువు చెప్పిన మంగళవాక్యమును అర్థము తెలియని బాలుడు పలికి పలికి అరగదీయగా మిగిలిన ధ్వనులు. తెలుగు తల్లియు హిందీతల్లియు ప్రక్కప్రక్క ఇండ్లలో ఈ రెండు మాటలు పలికినచో వాని జ్ఞాతిత్వము వినినంతనే తెలియును.

గ్రంథారంభమునకు సంబంధించిన అవతారిక, పీఠిక, ఉపోద్ఘాతము, తొలిపలుకు అను పదములను గూర్చి సంగ్రహముగా చెప్పిన చాలును. అవతారిక యనగా దిగుట. ఇష్టదేవతాస్తుతి నుండి కృతిపతి వంశవర్ణనము మీదుగా షష్ఠ్యంతముల వఱకు మెట్లు దిగి కవి కథను చేరును. పీఠిక యనగా కూర్చుండు గద్దె. నాటకమునుండి వచ్చిన 'నాంది' లోకవ్యవహారమున నిలిచినది. దానితో వచ్చిన 'ప్రస్తావన' మాత్రము ఆరంభార్థమును విడిచి 'ప్రసంగవశమున పేర్కొనుట' అను అర్థమునకు మరలినది.

6. అంగడి, ఇల్లు, పొలము

గుఢియారీ వర్తకస్థానము గనుక 'బోణీ' శబ్దము అక్కడ రెండు భాషలవారికిని పరిచితము. దినమున జరుగు తొలి విక్రయమునకు తెలుగున బోణీ, హిందీలో బోహనీ, మరాఠీలో భవానీ, కన్నడ తమిళములలో బోణి యందురు. బేరము చిన్నదైనను బోణీని కాదనరాదని, బోణీ చేసినవాని చేతివాటమును బట్టి ఆ దినపు వ్యాపారము నడచునని వర్తకుల నమ్మకము. ఇక్కడ ఆరంభము శకునము. ఛత్తీస్‌గఢమున దీనికి దగ్గఱి ధ్వనిగల 'బోనీ' యను పదము విత్తుటను, విత్తుకాలమును తెలుపును. అంగడిలో బోహనీ, పొలమున బోనీ. ఈ రెండు పదములకు సంబంధమున్నదని ధ్వనిసామ్యము మాత్రముచే నిర్ణయింపరాదు. అయినను ఒకే ఊరిలో ఈ రెండును వినువానికి మనస్సున నవి ఒకదాని నొకటి తాకుట సహజము.

గృహనిర్మాణమున రెండు పదములు గమనింపదగినవి. శంకుస్థాపనము సంస్కృతము, నేలను గుర్తించుటకు మేకు పాతుట. పునాది పారసీక 'బునియాద్' శబ్దము నుండి వచ్చినది. హిందీ మాట్లాడువాడు బునియాద్ అనునదియు తెలుగువాడు పునాది యనునదియు ఒకటే యని సామాన్యముగా ఎవరికిని తోచదు. తెలుగు నాలుక దానిని అంతగా తనది చేసికొన్నది. అన్యదేశ్యము దేశ్యమువలె కనబడుటకు ఇంతకంటె మంచి యుదాహరణము అరుదు. అంకురార్పణము ఆలయముల నుండి వచ్చినది. బ్రహ్మోత్సవములకు ముందు పాలికలలో మన్నుపోసి నవధాన్యములు చల్లుదురు. తిరుమలలో నిది ప్రసిద్ధము. 'ఉద్యమమునకు అంకురార్పణము' అని వ్రాయువాడు తెలియకయే ఆగమశాస్త్రమును స్మరించుచున్నాడు.

వ్యవసాయారంభమును తెలుపు పర్వములలో తెలుగువారిది ఏరువాక పున్నమి, జ్యేష్ఠపూర్ణిమ. ఏరనగా ఎద్దులు కట్టిన నాగలి. ఛత్తీస్‌గఢమున వైశాఖశుద్ధ తదియ నాటి 'అక్తీ' కృషివత్సరమునకు ఆరంభము. ఆనాడు విత్తనములకు పూజ జరుగును. పిదప శ్రావణ అమావాస్య నాడు 'హరేలీ'; అప్పుడు పనిముట్లకు పూజ. ఈ శ్రావణ అమావాస్య యన్నది అక్కడి లెక్క. ఉత్తరదేశమున మాసము పూర్ణిమతో ముగియును. తెలుగుదేశమున అమావాస్యతో ముగియును. కావున ఛత్తీస్‌గఢీలకు శ్రావణ అమావాస్యయైన దినము తెలుగువారికి ఆషాఢ అమావాస్య, చుక్కల అమావాస్య.

ఈ మాసభేదము వలన సంవత్సరారంభమున వింత యేర్పడుచున్నది. చైత్రశుద్ధ పాడ్యమి తెలుగువారికి ఉగాది. ఆనాడే మాసమును వర్షమును కలిసి పుట్టును. విక్రమశకము ననుసరించు ఉత్తరదేశీయులకును నూతనవర్షము ఆనాడే. కాని వారికి చైత్రమాసము పదునైదు దినములకు పూర్వము, హోలీ పున్నమి మఱునాడే మొదలైనది. వారి వర్షము మాసమధ్యమున పుట్టుచున్నది. 'చైత్రము మొదలు' అను మాటకు గుఢియారీలోని రెండు ఇండ్లలో రెండు తేదీలు. 'సంవత్సరము మొదలు' అను మాటకు ఒకే తేదీ. మొదలు అను మాట దేనికి మొదలో చెప్పినగాని పూర్తి కాదనుటకు ఈ పంచాంగభేదము చక్కని నిదర్శనము.

7. రాష్ట్రముల పుట్టుక

పాలనావ్యవహారమునను ఆరంభార్థక పదముల ఎంపిక ఉదాసీనము కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ఆ దినమునకు తెలుగున 'అవతరణ దినము' అని పేరు. అదే దినమున జరిగిన పునర్వ్యవస్థీకరణముచే మధ్యప్రదేశ్ రూపము మాఱినది. రాయపూరు అందు కొనసాగినది. నలుబదినాలుగేండ్ల పిదప, 2000 నవంబరు 1న, ఛత్తీస్‌గఢ్ వేఱు రాష్ట్రమై రాయపూరు దానికి రాజధాని యైనది; అక్కడ దీనిని 'స్థాపనాదివస్' అందురు. 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణము తన దినమునకు 'ఆవిర్భావము' అను పదమును వాడుచున్నది. అవతరణము పైనుండి దిగుట, స్థాపనము నిలువబెట్టుట, ఆవిర్భావము లోన మఱుగై యున్నది వెలికి కనబడుట. మూడింటికిని ఆంగ్లమున ఒకే పదమును వాడి సరిపుచ్చుకొనవచ్చును. తెలుగున ఒకదాని నెన్నుకొన్నచో, ఆ రాష్ట్రము పూర్వము ఉండెనా లేదా యను ప్రశ్నకు ఒక సమాధానమును ఎన్నుకొన్నట్లగును.

8. ఫలితములు

ఇంతవఱకు చూపిన పదములను నాలుగు వర్గములుగా విభజింపవచ్చును. మొదటిది ఆధారవర్గము: మొదలు, మూలము, పునాది, అసలు, ఇవి గడచిపోక అడుగున నిలుచును. రెండవది వరుసవర్గము: తొలి, తొల్లి, మును, ముందు, ఇవి వక్త నిలిచిన చోటును బట్టి క్రొత్తదనమును ప్రాతదనమును పొందును. మూడవది చేకోలువర్గము: ఆరంభించు, పూను, తొడఁగు, సాగు, ఇవి కర్తకును పనికిని గల బంధమును చెప్పును. నాలుగవది సంస్కారవర్గము: శ్రీకారము, ఓనమాలు, నాంది, అంకురార్పణము, బోణీ, ఇవి ఒక ఆచారము నుండి పుట్టి ఆచారమును దాటి వ్యాపించినవి.

'షురూ', 'చాలూ' వంటి పదములు ఈ నాలుగు వర్గములలో ఎక్కడ ప్రవేశింపగలవు? తెలుగు అన్యదేశ్యములను క్రియలుగా చేసికొను ద్వారము 'చేయు', 'అగు' అను క్రియలు. ఆరంభము చేయు, ఆరంభమగు అను వానికి అచ్చుగా షురూ చేయు, షురూ అగు అన్నవి సరిపడును. కనుక షురూ మొదట తాకునది ఆరంభశబ్దమును, పిదప 'మొదలుపెట్టు' క్రియను. చెట్టు మొదలును అది తాకలేదు, తొలకరిని తాకలేదు, బోణీని తాకలేదు. పూనికను పడద్రోయలేదు గాని వ్యవహారమున దాని అవసరమును తగ్గింపగలదు. నష్టము పదములు పోవుటయందు కంటె పదముల నడుమ నున్న బంధము తెగుటయందు ఎక్కువ. పనిని 'షురూ' అనియే యెఱిగిన బాలునికి 'మొదలు' అన్న మాట చెట్టు దగ్గఱ మాత్రమే మిగులును. అప్పుడు 'మొదటికే మోసము' అను పలుకుబడి వినబడును గాని బోధపడదు. హిందీలో జడ, మూల, పహలే వంటి సంపన్నమైన పదజాలము కలదు. అందు లోపము లేదు. లోప మేమనగా, ఒక భాషలోని పెక్కుపదములకు బదులుగా వేఱొక భాష నుండి ఒక్క పదమే దాటివచ్చుట.

దీనికి రెండు ప్రతిక్రియలు కలవు. తెలుగు–హిందీ నిఘంటువులయందు పై నాలుగు వర్గములలోని పదముల కన్నిటికిని 'ఆరంభ్', 'శురూ' అను రెంటినే అర్థముగా నిచ్చు పద్ధతిని మానవలెను. మొదలునకు ముందుగా 'జడ' అర్థమును, పిదప మూలధనార్థమును, కడపట కాలార్థమును వరుసగా చూపవలెను. తొలికి జతగా మలిని, మొదటికి జతగా తుదను, కొనను పేర్కొనవలెను. పూను క్రియకు కాడి యర్థమును విడువరాదు.

రెండవది బాలవిద్యకు సంబంధించినది. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని రాజ్యాంగములోని 350–ఏ అధికరణము చెప్పుచున్నది. ఇది 1956లో ఏడవ సవరణముచే చేర్పబడినది. ఛత్తీస్‌గఢ్ 2007లో హిందీతోపాటు ఛత్తీస్‌గఢీకిని రాజభాషాస్థాన మిచ్చినది. ఇంటిభాషకు గల విలువ ఆ రాష్ట్రమునకు తెలియని విషయము కాదు. పళ్ళెములో పోసిన బియ్యముపై బాలుని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించు ఆచారము ఇంటిలో నిలిచి యున్నను, ఆ అక్షరములు మఱునాటి నుండి బడిలో గాని ఇంటిలో గాని కనబడనిచో, అక్షరాభ్యాసమున 'అభ్యాసము' లేనట్లే. తెలుగు సంఘములు వారమున కొన్ని గంటలైనను పిల్లలకు చదువు చెప్పునప్పుడు, అక్షరమాలతో పాటు ఈ పదకుటుంబములను వస్తువులను చూపి నేర్పుట యుక్తము: చెట్టు మొదలు చూపి మొదలును, మునుము చూపి ముందును, కాడిని చూపి పూనికను. గుఢియారీలో వానితో సరిపోల్చుటకు హిందీపదములును ఛత్తీస్‌గఢీ పదములును గుమ్మము వెలుపలనే లభించును. ఆ మూటిని ప్రక్కప్రక్కన నుంచి వర్గముల వారిగా సేకరించుట ఇక జరుగవలసిన పని.